పందొమ్మిదో కట్ట

పత్రాల గదిలో గోడగడియారం ఒంటిగంటా పది చూపిస్తోంది. నాలుగింటికి కోర్టు. ఈలోగా ఒక్క కాగితం దొరక్కపోతే బంగళా వెనక ఉన్న అరవైరెండు ఇళ్ళ మీదికి బుల్‌డోజర్లు వస్తాయి, ఒక అమాయకురాలు జైలుకు పోతుంది. ఆ ఇళ్ళవాళ్ళు పిలిపించిన ప్రైవేట్ డిటెక్టివ్ సుభాషిణి దగ్గర ఉన్నది ఒక నోట్‌బుక్కు, ఒక భూతద్దం, పొద్దుటి నుంచి మెతుకు ఎరగని కడుపు. వీటితో ఎంతమందిని కాపాడొచ్చో ఆమెకే తెలియదు.

హన్మకొండలో ఆ ఇంటిని అందరూ దొర బంగళా అంటారు. ఆ దొర పేరు ఎలైజా వాల్‌బ్రిడ్జ్. పందొమ్మిదో శతాబ్దపు బోస్టన్‌లో వాల్‌బ్రిడ్జ్‌లంటే చిన్న పేరు కాదు. తాతకు ఓడలు, తండ్రి సెనేటర్, అన్నలు రైలు కంపెనీల్లో పెద్దలు. మూడోవాడు ఎలైజా మాత్రం పత్తి కొనడానికని ఇటు వచ్చి, పత్తి సంగతి మరిచిపోయి, తివాచీలు నేసేవాళ్ళ చేత మగ్గాలు పెట్టించి, చివరికి ఇక్కడే కలరాతో పోయాడు. ఇంటివాళ్ళు అతనికి రాసిన ఉత్తరాలు, అతను రాసినవాటికి దాచుకున్న నకళ్ళు కలిపి ముప్ఫైఏడు కట్టలయ్యాయి. ఒక్కో కట్టనూ ఎర్రగుడ్డలో చుట్టి, తెల్లటి నూలు టేపుతో కట్టి, అంకె వేసి ఇనప బీరువాల్లో పెట్టారు. అమెరికా నుంచి విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చి అన్నీ స్కాన్ చేస్తామని ఏడాదిగా అంటూనే ఉన్నారు.

పందొమ్మిదో కట్టలో 1893 నాటి ఉత్తరం ఒకటి ఉండేది. బంగళా వెనక నేల నేతగాళ్ళకే ఇచ్చెయ్, మన ఇంట్లో ఎవరూ అడ్డురారు అని తండ్రి రాసిన ఉత్తరం. దాని వెనకవైపే ఎలైజా దానపత్రం రాసి సంతకం పెట్టాడు. తండ్రి ఒప్పుకోలు, కొడుకు సంతకం ఒకే కాగితం మీద ఉంటే రేపు ఎవరూ విడదీయలేరని అతని ఆలోచన. కింద పదకొండు మంది నేతగాళ్ళ బొటనవేలి ముద్రలు. వాళ్ళ మునిమనవలే ఇవాళ ఆ అరవైరెండు ఇళ్ళలో ఉంటున్నది. నేల తనదని ఒక బిల్డరు కోర్టుకెక్కాడు. ఫొటోలూ నకళ్ళూ కుదరవు, అసలు కాగితం ఫలానా రోజు నాలుగింటికి చూపించండి, లేకపోతే స్టే ఎత్తేస్తానన్నాడు జడ్జి. ఆ ఫలానా రోజు ఇవాళే. పొద్దున తొమ్మిదీ నలభైకి నేతగాళ్ళ వాడ తరఫు వకీలు ముందు కట్ట తెరిస్తే, ఉత్తరం ఉండాల్సిన కవరు ఖాళీగా ఉంది.

"ఇంకొక్కసారి చెప్పు పద్మలతా. నిన్న పొద్దుగాల్నుంచి, నిమిషాలతోని సహా," అంది సుభాషిణి.

పద్మలత తొమ్మిదేళ్ళుగా ఈ కట్టలను కాపాడుతున్న మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. పక్కన లేడీ కానిస్టేబుల్ కూర్చుని ఉంది. గుమ్మానికి ఆనుకుని ఇన్‌స్పెక్టర్ భరత్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పదిన్నరకు నేతవాడ రాజమల్లు పెద్దనాయిన వచ్చిండు. కాగితం చూస్తనంటే చూపెట్టిన. కండ్లకద్దుకున్నడు. పదీ యాభైకి మల్ల కట్ట కట్టి, కోర్టుకు అని రాసిన చీటీ పెట్టి బల్ల మీదనే ఉంచిన. అప్పుడు కాగితం లోపల ఉన్నది అక్కా, నా కండ్లతోని చూసిన."

"తర్వాత?"

"పదకొండూ ఇరవైకి ఎర్రగుడ్డ వచ్చింది, మీ దుకాణం నుంచే. రాంప్రసాదన్న తెచ్చిండు. పదకొండూ నలభైకి పోయిండు. పన్నెండుంబావుకు బిల్డర్ వకీలు, కోర్టు పంపిన అమీను వచ్చిండ్రు. పన్నెండూ యాభైకి పోయిండ్రు. అంతే. సాయంత్రం బీరువల పెట్టి తాళమేసిన."

సుభాషిణి నోట్‌బుక్కులో మూడు వరుసలు. రెండో వరుస మీద పొద్దుననే అడ్డంగా గీత కొట్టేసింది. వరంగల్ చౌరస్తా వెనక గల్లీలో రామలింగం క్లాత్ స్టోర్స్ ఆమె తండ్రిది. రాంప్రసాద్ ఆమె సొంత తమ్ముడు. అసలు ఆ ఎర్రగుడ్డ ఆర్డరు ఇప్పించిందే ఆమె. ఊళ్ళో అందరి కొడుకులనూ కూతుళ్ళనూ అనుమానించి బతికే డిటెక్టివ్ తన ఇంటి గడప దగ్గర మాత్రం భూతద్దం జేబులో పెట్టేసుకుంది. ఇందులో వింతేం లేదు, ఎవరైనా అదే చేస్తారు.

"ఈ గదిలకెల్లి నువ్వు బయటికి పోనే లేదా?"

"పోలే అక్కా. ఒట్టు."

"రాజమల్లుకు మంచినీళ్ళు ఇచ్చినవా?"

"ఇయ్యకుంట ఎట్ల? ఎండల నడ్సుకుంట వచ్చిండు."

"గుడ్డ తెచ్చినోనికి? వకీలుకు?"

"అందరికీ ఇచ్చిన. వచ్చిన మనిషికి నీళ్ళియ్యకుంట కూసోపెడ్తమా?"

"నీళ్ళు ఎక్కడ ఉంటయి?"

పద్మలత తల తిప్పి వెనక వంటగది వైపు చూసింది. పొద్దుటి నుంచి పోలీసులు పదిసార్లు అడిగినా గది వదల్లేదనే చెప్పింది. అబద్ధం కాదు. వచ్చినవాళ్ళకు నీళ్ళు తేవడం బయటికి పోవడం కిందికి వస్తుందని ఆమెకే కాదు, ఆమె తల్లికీ అమ్మమ్మకూ కూడా తోచి ఉండదు.

సుభాషిణి లేచి ఫోన్లో స్టాప్‌వాచీ నొక్కి నడిచింది. వరండా అంతా దాటి, మెట్లు దిగి, వెనక వంటగదికి. అక్కడ ఫిల్టరు సన్నగా కారుతోంది. గ్లాసు నిండేసరికి నిమిషంన్నర. తిరిగి గదిలోకి వచ్చేసరికి నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

"నాలుగు నిమిషాలు చాలు," అంది భరత్‌తో. "కట్ట బల్ల మీద, మీద కోర్టు చీటీ. వెతికే పని గూడ లేదు. మీరు పట్టుకోవాల్సింది ఈ పిల్లను కాదు, ఆ బిల్డర్ వకీలును."

భరత్ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు పాతదే. వేలిముద్రల విభాగంలో ఇద్దరూ ఒకే బల్ల దగ్గర పనిచేశారు. ఒక కేసులో అతను కలిశాయన్న ముద్రలు కలవలేదని ఆమె రాసింది. ఆరు నెలలు తిరక్కముందే ఆమె ఉద్యోగం వదిలి బయటికి వచ్చింది, అతను ఇన్‌స్పెక్టరయ్యాడు.

"మేడమ్, పెండ్లి సంబంధాల ఎంక్వైరీలు చేసుకుంట హాయిగ ఉన్నరు గదా. ఈ ఎండల మీకెందుకు తిప్పలు?"

"పెండ్లికొడుకులు మీ సాక్షులకన్న జర నయం సార్. అబద్ధం ఒక్కసారి చెప్పి ఊకుంటరు."

అతని నవ్వు తగ్గింది. "సెనేటర్ చేతిరాత, వాల్‌బ్రిడ్జ్ ముద్ర ఉన్న కాగితం. గసుంటివి పైసలు పెట్టి కొనుక్కునేటోళ్ళు అమెరికల మస్తుమంది ఉన్నరు. ఈమె కంప్యూటర్ల అమెరికోళ్ళకు పంపిన మెయిళ్ళు నలభై. తాళంచెవి ఒక్కటే, అది ఈమె కొంగుకే ఉంటది. తాళం పగల్లే. ఇంకేం కావాలె?"

"ఆ మెయిళ్ళు స్కానింగు గురించి."

"అది కోర్టుల చెప్పుకోనియ్యుండ్రి. ఇగ మీరు చెప్పే ఆ వకీలు సంగతి." భరత్ ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. "అమీను ఫోన్ల తీసిన వీడియో. లోపలికి అడుగు పెట్టిన కాన్నుంచి బయటికి పోయేదాక, ముప్ఫైఅయిదు నిమిషాలు. ఎక్కడా ఆపలే. చూడుండ్రి."

చూసింది. నిలబడే, వేలితో జరుపుకుంటూ చూసింది. పద్మలత నీళ్ళకు వెళ్ళింది, వచ్చింది. వకీలు కుర్చీలోంచి లేవలేదు. కట్ట బల్ల మీద అలాగే ఉంది. "ఒరిజినల్ ఇందులోనే భద్రంగ ఉన్నదామ్మా?" అని వకీలు అడిగాడు. "ఉన్నది సార్, నా బాధ్యత," అని పద్మలత కెమెరా వైపు చూస్తూ చెప్పింది. అంతే. కట్ట విప్పమని అతను అడగనేలేదు.

సుభాషిణి ఫోను బల్ల మీద పెట్టేసింది. కాగితం పరిశీలించడానికి కోర్టు అనుమతి తెచ్చుకున్న వకీలు ఆ కాగితమే చూడకుండా పోయాడు. అందులో లేదని అతనికి ముందే తెలుసు. పద్మలత నోటితో 'నా బాధ్యత' అనిపించడానికే వచ్చాడు. అంటే కాగితం పన్నెండుంబావుకు ముందే పోయింది. పదీ యాభైకి ఉంది. ఆ మధ్యలో వచ్చింది ఎవరు?

నోట్‌బుక్కు తెరవలేదు. తెరవాల్సిన అవసరం లేదు. తెరవకుండా ఉంటే బాగుండుననీ అనిపించింది.

"రెండున్నరకు జీపెక్కిస్త," అన్నాడు భరత్. "అప్పటిదాక మీ ఇష్టం. చూసుకోండ్రి."

బయట వరండాలో రాజమల్లు కూర్చుని ఉన్నాడు. డెబ్భైరెండేళ్ళ నేతగాడు, వాడకు పెద్ద. పొద్దుటి నుంచి వాడలో ఎవరూ పొయ్యి వెలిగించలేదట. మూలమలుపు దగ్గర రెండు బుల్‌డోజర్లు పొద్దున్నే వచ్చి నిలబడ్డాయి, డ్రైవర్లు నీడలో తాపీగా పేకాడుతున్నారు.

"బిడ్డా, దొరుకుతదా?" అన్నాడు.

ఆమె అతని పక్కన కూర్చుంది.

"మా ముత్తాత వేలు అది. నిన్న నా వేలు పక్కన పెట్టి చూసుకున్న. మాకు దొర ఇచ్చిన నేల కన్న ఆ ముద్రనే పెద్దది బిడ్డా. ఇండ్లు పోతే ఎట్లనో బతుకుతం. మేం ఇక్కడోళ్ళమే అని చెప్పే వేలు మల్ల దొరకది."

ఆమె గదిలోకి తిరిగి వచ్చింది. రెండూ అయిదు. బల్ల మీద పందొమ్మిదో కట్ట విప్పి ఉంది. ఎర్రగుడ్డ ఉంది, కవర్లు ఉన్నాయి. టేపు లేదు. పొద్దుటి నుంచి కాగితం గురించే ఆలోచించిన బుర్రకు టేపు సంగతి ఇప్పుడు తట్టింది.

"పద్మలతా, పొద్దుగాల కట్ట ఎట్ల విప్పినవ్?"

"విప్పలే అక్కా. కోసిన." ఆమె తల దించుకుంది. తొమ్మిదేళ్ళలో ఎన్నడూ కత్తెర ముట్టని మనిషి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. "నేను ఒక్క లాగుకు ఊడేటట్టు కడ్త. పాత కాగితం గదా, ఈడ్వొద్దు. పొద్దుగాల లాగితే ఇంకింత బిగుసుకున్నది. మన వకీలు సారు టైమైతాంది అన్నడు. ముడి అట్లనే ఉంచి వెనకకెల్లి టేపు కోసిన."

"నీ ముడి నీకే రాలేదా?"

ఆ ప్రశ్నకు పద్మలత మొదటిసారి ఏడుపు ఆపి ఆలోచించింది. భరత్ కూడా గుమ్మం దగ్గర కొంచెం నిటారుగా అయ్యాడు.

టేపు చెత్తబుట్టలో ఉంది. పైన రెండు టీ కప్పులు, ఒక బిస్కెట్ పొట్లం. పొద్దున వచ్చిన పోలీసులే తాగి, తిని, వేసినవి. సాక్ష్యం మీద టీ పోసిన ఇన్‌స్పెక్టర్‌ను మరోరోజైతే ఆమె వదిలేది కాదు. ఇప్పుడు మాట్లాడకుండా కప్పులు తీసి పక్కన పెట్టి, టేపును పట్టకారుతో ఎత్తి బల్ల మీద పరిచింది. ముడి చెక్కుచెదరలేదు. భూతద్దం తీసింది.

భూతద్దం అక్కర్లేకపోయింది.

పైనుంచి చూస్తే మామూలు ముడే. తిప్పి చూస్తే టేపు కింద రెండు మెలికలు, ఎడమ వైపుకు. కొస మాత్రం కిందనుంచి లోపలికి దోపి ఉంది. లాగితే బిగుస్తుంది. ఆ కొసను గోటితో పైకి నెడితే చాలు, మొత్తం వదులవుతుంది. సుభాషిణి నెట్టలేదు. నెడితే ఎలా ఊడుతుందో ఆమె వేళ్ళకు తెలుసు.

తండ్రి రామలింగం కుర్రవాడిగా జిన్నింగు మిల్లులో పనిచేసినప్పుడు కుడి బొటనవేలు యంత్రంలో పోయింది. ఆ తర్వాత బట్టల దుకాణం పెట్టుకున్నాడు. కట్టలు కట్టడానికి కుడి బొటనవేలు లేదు కాబట్టి ఎడమ వేలితో అదిమి, కింద రెండు మెలికలు వేసి, కొస దోపే ముడి ఒకటి తనకు తానే కనిపెట్టుకున్నాడు. బజారంతా లింగయ్య ముడి అని ఎగతాళి చేసేది. ఎంత చూసినా ఎవరికీ వచ్చేది కాదు. స్కూలు నుంచి వచ్చి గల్లా పక్కన కూర్చునే ఇద్దరు పిల్లలకు మాత్రం వచ్చింది. అందులో ఒకతి ఇప్పుడు ఈ బల్ల ముందు నిలబడి ఉంది.

రాంప్రసాద్ కావాలని వేసిన ముడి కాదు. పద్మలత కట్టినట్టే కట్టాలనుకుని ఉంటాడు. కానీ ముప్ఫై ఏళ్ళు ఒకే ముడి వేసిన చేతులు యజమాని కంగారులో ఉన్నప్పుడు వాటి పని అవి చేసేసుకుంటాయి.

సుభాషిణి కుర్చీలో కూలబడింది. ఈ ముడి భరత్‌కు అర్థం కాదు. పద్మలతకు అర్థం కాదు. వరంగల్ మొత్తంలో దీన్ని చదవగలిగేది ముగ్గురు, అందులో ఒకరు తండ్రి, ఒకరు దొంగ. తను టేపును మళ్ళీ బుట్టలో పడేస్తే కథ ముగిసిపోతుంది. తమ్ముడు ఇంట్లో ఉంటాడు. రెండేళ్ళుగా మంచం పట్టి, మధ్యాహ్నాలు మాత్రం పట్టుబట్టి దుకాణానికి వచ్చి కూర్చునే తండ్రి కొడుకును జైల్లో చూడకుండానే కళ్ళు మూస్తాడు. ఆమెకు అది కావాలనిపించింది. నిజంగానే కావాలనిపించింది, ఒకటి రెండు నిమిషాల పాటు.

బయట జీపు స్టార్టు చేసిన చప్పుడు. లేడీ కానిస్టేబుల్ పద్మలత చెయ్యి పట్టుకుని లేపింది.

"అక్కా," అంది పద్మలత.

"సార్, జర ఆగుండ్రి," అంది సుభాషిణి. బల్ల మీద ఉన్న కొత్త టేపు ముక్క తీసుకుని, నోట్‌బుక్కు చుట్టూ తిప్పి, ఎడమ బొటనవేలితో అదిమి ముడి వేసింది. మూడు సెకన్లు పట్టలేదు. దాన్ని తిరగేసి పొద్దుటి ముడి పక్కన పెట్టింది.

భరత్ వంగి చూశాడు. ఒకదాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు, ఆమెను చూశాడు. వేలిముద్రల బల్ల దగ్గర నేర్చుకున్న చూపు పూర్తిగా పోలేదు.

"రెండూ ఒక్కతీరే ఉన్నయి," అన్నాడు మెల్లగా. "ఇది మీకెట్ల వచ్చు?"

"మా బాపు నేర్పిండు. నాకు, మా తమ్మునికి." బల్ల మీద ఉన్న, వచ్చినవాళ్ళ రిజిస్టరులో నిన్నటి రెండో పేరు మీద వేలు పెట్టింది. "నిన్న పదకొండూ ఇరవైకి నేను గీ గదిల లేను."

అతను ఎగతాళి చేస్తాడనుకుంది. చెయ్యలేదు. కానిస్టేబుల్‌కు సైగ చేశాడు, ఆమె పద్మలత చెయ్యి వదిలింది. సుభాషిణి ఫోను తీసి స్పీకరు పెట్టి తమ్ముడికి కలిపింది. రెండూ నలభైరెండు.

"అక్కా, అన్నం తిన్నవా? బాపు అడుగుతాండు," అన్నాడు రాంప్రసాద్.

"తమ్మీ, కట్టకు బాపు ముడి ఎందుకేసినవ్?"

అతను కాదనలేదు. కాదంటే బాగుండుననే ఆశ ఆమెలో ఇంకా కొంచెం ఉండేది, అదీ పోయింది.

"రోడ్డు వెడల్పుల మన దుకాణం పోతాంది అక్కా. గల్లీల సగం మంది ఖాళీ చేసిపోయిండ్రు. బిల్డరు మనుషులు వాళ్ళ కొత్త కాంప్లెక్సుల ముందటి షట్టర్ దుకాణం ఇస్తమన్నరు. ఒక్క కాగితమే గదా, అమెరికోళ్ళ పాత ఉత్తరం గదా అన్నరు. బాపు కూసోనీకి జాగ ఉంటది అనుకున్న."

"కాగితం ఏది?"

"కాల్చమన్నరు. కాల్చబుద్ధి కాలే. వెనకకు తిప్పితే వేళ్ళున్నయి అక్కా, పదకొండు. బాపు చేతిల లేని వేలు, అక్కడ అన్ని ఉన్నయి. రాత్రంత దాన్నే చూస్కుంట కూసున్న." అతను ఏడుస్తున్నాడు. "గల్లాపెట్టెల పెట్టిన. కాల్చలేదని వాళ్ళకు తెల్సింది. మూడింటికి వచ్చి తీస్కపోతమన్నరు."

భరత్ అప్పటికే వైర్‌లెస్‌లో మాట్లాడుతూ జీపు వైపు నడుస్తున్నాడు. సుభాషిణి వెనకే పరుగెత్తింది. రాజమల్లు లేచి నిలబడ్డాడు. ఆమె మొహం చూసి చేతులు జోడించాడు.

"తమ్మీ, నేనొస్తాన. ఎవ్వరికీ ఇయ్యకు."

"కారు ఆగింది అక్కా. నలుగురున్నరు."

"రాంప్రసాద్."

తర్వాత ఆమె చిన్నప్పటి నుంచి రోజుకు రెండుసార్లు విన్న చప్పుడు వినిపించింది. ఇనప షట్టరు గడగడా కిందికి దిగి, నేలకు తగిలి, లోపలి కొక్కెం పడింది. మూసింది లోపలి నుంచి. ఆ వెంటనే బయట నుంచి ఎవరో దాన్ని కాళ్ళతో తన్నడం మొదలుపెట్టారు.

"ఎవరురా అది?" తండ్రి గొంతు, నీరసంగా, లోపలి నుంచే.

"ఎవరు లేరు బాపూ. నువ్వు కూసో."

జీపు గేటు దాటింది. చౌరస్తాకు ఏడు కిలోమీటర్లు. సుభాషిణి ఫోను చెవికి అదుముకుంది. తన్నులు ఆగిపోయాయి. వాళ్ళు వెళ్ళిపోయారేమోనని ఆమె ఒక్క క్షణం నమ్మింది.

"అక్కా," రాంప్రసాద్ గొంతు తగ్గించాడు, తండ్రికి వినబడకూడదని కాబోలు. "షట్టర్ కిందికెల్లి ఏదో కారుకుంట లోపలికి వస్తాంది. పెట్రోలు వాసన."

దుకాణంలో నిన్ననే దించిన బట్ట తాన్లు పైకప్పు దాకా ఉన్నాయి. వాటి మధ్య గల్లాపెట్టె, అందులో పదకొండు వేళ్ళు, దాని పక్కన కుర్చీలో తండ్రి. వెనక తలుపు లేని దుకాణం అది. భరత్ గేరు మార్చాడు. గడియారంలో రెండూ నలభైతొమ్మిది.